బంతి నేర్పిన బడిపంతులు



ఆటలవలన కూడు పుట్టునా యని మన పల్లెలయందు పెద్దలు పిల్లలను మందలించుట పరిపాటి. నేనును ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పితినేగాని, ఆటస్థలమువైపు ఆదరముతో చూచినవాడను గాను. పద్యము వల్లెవేయవలసిన వేళ బాలురు బంతివెంట పరుగిడుట నాకు కంటగింపుగా నుండెడిది. డ్రిల్లు మాష్టరును మాతో సమానునిగా నెంచుటకును నా మనస్సు ఒప్పలేదు. అది నా దోషమని పదవీవిరమణానంతరముగాని నాకు తెలియలేదు. తెలియజేసినవారు హైదరాబాదు వాస్తవ్యులగు సయ్యద్ అబ్దుల్ రహీము గారు. వారు 1963లోనే దివంగతులైరి. 2024లో వారి చరిత్ర ఇతివృత్తముగా 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వెలువడగా, నా మనుమడు నన్ను వెంటబెట్టుకొని పోయి చూపించెను. పిదప వారిని గూర్చి చదువ నారంభించితిని. అందు కొంత నేడు మీకు మనవి చేసెదను.

రహీము గారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఆ జట్టున ఫుట్‌బాలు ఆడిరి. పిమ్మట నగరములోని సంఘములలోను ఆడిరి. అయినను వారి జీవనము బడిపంతులు ఉద్యోగమే. కాచిగూడ, చాదర్‌ఘాటు మున్నగు పాఠశాలలయందు పాఠములు చెప్పిరి. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, బాలుర ఆటపాటలను తామే చూచుకొనసాగిరి. ఆటగాడుగా వారి కీర్తి నగరము దాటిపోలేదు. కాని, తాను చేయుట వేరు, పరునిచేత చేయించుట వేరు. ఈ రెండవ విద్యలో వారికి సాటివచ్చినవారు మన దేశమున అరుదు.

హైదరాబాదు నగర పోలీసు జట్టునకు వారు శిక్షకులైరి. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు గెలిచినది. అదే కాలమున భారత జట్టు శిక్షణభారము కూడ వారికి అప్పగింపబడెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము గైకొనిరి.

మరుసటి యేడే గర్వభంగమైనది. 1952లో హెల్సింకి నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. అది చలిదేశము. మనవారిలో పలువురు వట్టికాళ్లతోనే ఆడిరి. యుగోస్లావియావారు పది గోలులు వేయగా మనవారు ఒక్కటి మాత్రమే వేయగలిగిరి. ఇట్టి పరాభవము కలిగినపుడు గురువు చేయదగిన దేమి? కొందరు శిష్యులను నిందింతురు. కొందరు విధిని నిందింతురు. రహీము గారు పాఠమును మరల మొదటినుండి చెప్పనారంభించిరి. ఆటగాండ్రు బూట్లు తొడిగియే ఆడవలెనను నియమమును తరువాత ఏర్పడెను.

వారు పాఠము చెప్పిన తీరు వినదగినది. సాధారణముగా ఆటగానికి ఒక కాలే వాటముగా నుండును. తక్కిన కాలు పరుగునకేగాని బంతికి పనికిరాదు. రహీము గారు వాటము లేని కాలితోనే ఆడవలెనని నిబంధన పెట్టి పోటీలు జరిపించిరి. ఒక్కడే బంతిని పట్టుకొని పోరాదు, వెంటనే తోడివానికి అందింపవలెనని మరికొన్ని పోటీలు పెట్టిరి. పొట్టిపిల్లలు పెద్దవారి నడుమ నలిగిపోకుండ, ఎత్తునకు హద్దు విధించి వారికి వేరే పోటీలు ఏర్పరచిరి. భారతమున ద్రోణుడు ఏకలవ్యుని కుడిచేతి బొటనవ్రేలు దక్షిణగా గైకొనెను. ఈ గురువు శిష్యునకు లేని ఎడమకాలిని దానము చేసెను. ఈ మాట తోచినపుడు నాకు సిగ్గు కలిగినది. నా తరగతిలో వెనుకబల్లపై కూర్చుండిన మందమతులకు నేను వేరుగ నొక పాఠమైన కల్పించితినా? లేదు. చురుకైన నలుగురిని చూచుకొని మురిసితిని.

ఆ పాఠముల ఫలము 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో కనబడినది. ఆతిథేయులగు ఆస్ట్రేలియావారిని మనవారు 4-2 గోలులతో ఓడించిరి. అందు మూడు గోలులు నెవిల్ డిసౌజా ఒక్కడే వేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియా ఖండపు జట్టు సెమీఫైనలు చేరుట అదియే ప్రథమము. తుదకు మనకు నాలుగవ స్థానము దక్కెను.

1960లో రోము ఒలింపిక్సు వచ్చెను. బలవంతులగు ఫ్రాన్సువారితో మనవారు 1-1తో సమానముగా నిలిచిరి. ఆ జట్టున రహీము గారి కుమారుడు హకీము కూడ నుండెను. అయినను ఒక్క ఆటయందును ఆతడు బరిలోనికి దిగలేదు. శిక్షకుడు తండ్రియే, సభ్యుడు కుమారుడే. ఐనను స్థానము యోగ్యతను బట్టియే గాని రక్తమును బట్టి రాలేదు. పదవిలోనున్న మన పెద్దలెల్లరు ఈ సంగతి ఒక్క క్షణము తలపోయవలెను.

ఇక 1962వ సంవత్సరపు జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీము గారి శరీరమును ఊపిరితిత్తుల క్యాన్సరు లోలోపల తినివేయుచుండెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియావారి చేతిలో 2-0తో ఓటమి కలిగినది. తరువాత థాయిలాండును, జపానును గెలిచిరి. కాని థాయిలాండుతో ఆడునపుడు వెనుకవరుసలో గోడవలె నిలుచు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అట్టివానిని ఇంటికి పంపుదురని ఎవరైన తలతురు. రహీము గారు ఆతనిని ముందువరుసకు మార్చిరి. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచి మనవారు ఫైనలు చేరిరి. ప్రత్యర్థులు మరల కొరియావారే.

ఆనాడు జనము మనకు ప్రతికూలము. ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయకుండుటను భారత ప్రతినిధి యొకరు ఖండించుటచే స్థానికులు మండిపడియుండిరి. దాదాపు లక్షమంది అరపులు, ఎగతాళి కేకల నడుమ మన పదునొకండుగురు ఆడిరి. పి.కె. బెనర్జీ మొదటి గోలు వేసెను. కొలది నిముషములలో ఆ తలకట్టు జర్నైల్ సింగే రెండవది వేసెను. ఆట ముగియవచ్చునపుడు కొరియావారు ఒకటి తీర్చిరి. 2-1తో స్వర్ణపతకము మనది. చునీ గోస్వామి నాయకత్వము వహించిన ఆ జట్టులో మన సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ బిడ్డ తులసీదాసు బలరాము కూడ నుండెను.

తిరిగి వచ్చిన పిదప గురువు మంచము పట్టిరి. 1963 జూను 11వ తేదీన కన్నుమూసిరి. 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో మనకు ఫుట్‌బాలున మరల స్వర్ణము రాలేదు. శిక్షకుల నిమిత్తము ప్రభుత్వమువారు ద్రోణాచార్యుని పేర పురస్కారము 1985లో నెలకొల్పిరి. దానికి ఇరువదిరెండేండ్ల ముందే అట్టి గురువు కడతేరిరి.

పెద్దలారా! మీ యూరి బడిలోను ఒక డ్రిల్లు మాష్టరు ఉండవచ్చును. ఆతడు పిల్లలను ఎండలో నిలిపి కాలము గడుపువాడో, వాటము లేని కాలికి బలము నేర్పువాడో ఒకసారి పోయి చూడుడు. రెండవవాడైనచో ఆతనికి ఒక బంతి కొనియిండు. ఊరివారి పశువులు తిరుగు బయలులో కొంత చదునుచేసి యిండు. ఆటవలన కూడు పుట్టునో పుట్టదో నేను చెప్పజాలను. గాయపడిన తలతోనైనను తన స్థానమున నిలిచి పనిచేయుట మాత్రము పుస్తకముకంటె బయలులోనే చక్కగా అబ్బునని నేను ఆలస్యముగా తెలిసికొంటిని. మీరు ఆలస్యము చేయవలదని నా మనవి.

సెలవు.