బ్రేకరు డయలును ఎవరు తిప్పాలి?

(లాల్‌దర్వాజాలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఆషాఢ మాసంలో బోనాల నాడు ఈ లాల్‌దర్వాజాలో ఇంటింటా పాలు, బెల్లం వేసి అన్నం వండి సింహవాహిని మహంకాళి అమ్మవారికి సమర్పిస్తారు. పల్లె పాలు విరగకుండా పట్నం చేరాలంటే దారి పొడవునా చల్లదనం తప్పకూడదు. ఆ చల్లదనాన్ని కాపాడే ఒక చిన్న డయలును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే వస్తాయి. వాటిని ఆలస్యం లేకుండా 4 డిగ్రీలకు దించాలి. వెనకటి రోజుల్లో క్యాన్లలో పోసి శీతలీకరణ కేంద్రానికి పంపితే సంఘం పని తీరిపోయేది. ఇప్పుడు చాలా ఊళ్లలో బల్క్ కూలరు సంఘం గదిలోనే ఉంది. దానితోపాటు కంప్రెసరు, స్టార్టరు, బ్రేకరు కూడా మన గడప లోపలికి వచ్చాయి. కనుక వాటి సంగతి మనకూ కొంత తెలిసి ఉండాలి.

బోర్డు మీది బ్రేకరు ముఖ్యంగా తీగలను కాపాడుతుంది. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మోటారును కాపాడుతుంది. చిన్న బ్రేకర్లకు సర్దుబాటు ఉండదు. పెద్ద బ్రేకర్లకూ, రిలేకూ ఆంపియర్ల డయలు ఉంటుంది. రిలే లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. కరెంటు హెచ్చితే అది వేడెక్కి వంగి స్టార్టరును పడగొడుతుంది. ఎంత కరెంటుకు పడాలో నిర్ణయించేది డయలు.

ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాము, పేరు అనవసరం. అక్కడ 5 హెచ్.పి. మోటారు. దాని పలక మీద 7.5 ఆంపియర్లని ఉంది. ఎండాకాలంలో సాయంత్రం పాలు పోసే వేళకు రిలే మాటిమాటికీ పడిపోసాగింది. బయట సభ్యులు వరుసలో నిలబడి ఉన్నారు. ఎవరో డయలును 10కి తిప్పారు. యంత్రం ఆగకుండా నడిచింది, అందరూ సంతోషించారు. కొన్నాళ్లకు ఒక రాత్రి మోటారు చుట్ట కాలిపోయింది. తెల్లవారేసరికి కూలరులోని పాలన్నీ పులిసిపోయాయి. తర్వాత చూస్తే కండెన్సరు రెక్కల నిండా దుమ్ము, గడ్డిపరకలు. గాలి ఆడక కంప్రెసరు బరువుగా నడిచింది, మోటారు ఎక్కువ కరెంటు లాగింది. రిలే చెప్పిన మాట అదే. పది నిమిషాల్లో బ్రష్షుతో తీరే పనికి సంఘం మోటారునూ పోగొట్టుకుంది, సభ్యుల పాలనూ పోగొట్టుకుంది.

ఫ్యూజు పోతే మందపు తీగ చుట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. డయలు పెంచడం కూడా అటువంటిదే. కాపలా కుక్క మొరుగుతున్నదని దాని నోరు కట్టేసి నిద్రపోవడం వంటిది.

మరి డయలు ఎంత మీద ఉండాలి? మోటారు పలక మీద రాసిన ఆంపియర్ల మీద. రిలేలు సాధారణంగా ఆ అంకెకు 1.05 రెట్ల వరకు పడకుండా నిలుస్తాయి. 1.2 రెట్లు అయితే రెండు గంటల లోపల పడతాయి. అంటే ఇవ్వవలసిన వెసులుబాటు రిలేలోనే ఇచ్చి ఉంది, మనం మళ్లీ కలపనక్కరలేదు. స్టార్-డెల్టా స్టార్టరులో మాత్రం రిలే డెల్టా లోపల ఉంటే పలక అంకెలో సుమారు 58 శాతం పెట్టాలి. 14 ఆంపియర్ల మోటారుకు అది 8 దాటి కొద్దిగా వస్తుంది. ఇది తెలియక 14 మీద పెడితే రక్షణ లేనట్లే.

రిలే మీద చేతి రీసెట్, ఆటో రీసెట్ అని రెండు స్థానాలుంటాయి. సంఘాల్లో చేతి రీసెట్ మీదనే ఉంచాలి. ఆటోలో ఉంటే కొన్నిచోట్ల పట్టీ చల్లారగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. అప్పుడు బెల్టు దగ్గర చెయ్యి పెట్టినవాని గతి ఏమిటో ఆలోచించండి.

రిలే పడితే మొదట కొన్ని నిమిషాలు ఆగండి. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూడండి. ఒక ఫేజు పోతే మిగిలిన రెండింటి మీద బరువు ఒకటిన్నర రెట్లు మించుతుంది. ఓల్టేజి తగ్గినా కరెంటు పెరుగుతుంది. కండెన్సరు శుభ్రంగా ఉందా, ఫ్యాను తిరుగుతున్నదా చూసి ఒక్కసారి రీసెట్ చేయండి. మళ్లీ పడితే ఎలక్ట్రీషియనును పిలవండి, పాలను దగ్గరి కేంద్రానికి తరలించండి. పెట్టె మూత తెరవడం, డయలు తిప్పడం లైసెన్సు ఉన్నవాని పని, అదీ మెయిన్ ఆపిన తర్వాతనే.

ప్రతి సంఘమూ మోటారు పలక అంకెనూ, డయలు అంకెనూ ఒక కాగితం మీద రాసి స్టార్టరు పక్కన అతికించాలని మా విన్నపం. రెండూ కలవకపోతే ఎవరు, ఎప్పుడు, ఎందుకు తిప్పారో రిజిస్టరులో ఉండాలి. సభ్యులు పాలు పోయడానికి వచ్చినప్పుడు ఆ కాగితాన్ని చూసి అడగవచ్చు. పాలు మీవి, మోటారు మీ వాటా ధనంతో కొన్నది, అడిగే హక్కూ మీదే.