మాంసం తనిఖీ: ఎవరు చూడాలి? ఎవరు అడగాలి?



ఆదివారం ఉదయం మన ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా ఒక దృశ్యం కనిపిస్తుంది. వేపకొమ్మకు వేలాడే పొట్టేలు, కింద మొద్దు, పక్కన తక్కెడ, చుట్టూ సంచులు పట్టుకొని మనం. కొంచెం అవతల బ్రాయిలర్ కోళ్ల బోనులు. తూకం సరిగా ఉందా అని చూస్తాం. ఎముకలు ఎక్కువ వేశాడని తగాదా పడతాం. కార్జం ముక్క ఒకటి వెయ్యమని అడుగుతాం. కాని, “ఈ జీవాన్ని కోసేముందు ఎవరైనా చూశారా?” అని అడిగేవారు మనలో ఎంతమంది? ఈ రోజు మీతో ఆ ప్రశ్న గురించే నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

నేను పశువైద్యుణ్ణి కాను. పోతనాళలో బడిపంతుల్ని. రాయచూరు నుంచి సింధనూరు పోయే దారిలో మా ఊరు. తుంగభద్ర ఎడమకాలువ నీళ్లు పారిన తర్వాత ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి, క్యాంపులు కట్టుకొని స్థిరపడిన కుటుంబాలు మా చుట్టుపట్ల చాలా ఉన్నాయి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. అందువల్ల ఏ కాగితం వచ్చినా, గోడ మీద ఏ ప్రకటన అంటించినా, “సారూ, ఏం రాశారో చదివి చెప్పండి” అని పెద్దవాళ్లు నా దగ్గరికి వస్తారు. కన్నడంలో ‘తపాసణె’ అని ఉంటే, తనిఖీ అని చెబుతాను. మాట మార్చి చెప్పడం తేలికే. ఆ తనిఖీ నిజంగా జరుగుతున్నదా అన్న సంగతి మాత్రం నేనూ చాలాకాలం పట్టించుకోలేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం మా వీధిలో మాంసం పోగులు వేసి సగం ధరకే ఇచ్చారు. నేనూ ఒక పోగు తెచ్చాను. మా అమ్మ ఆకు విప్పి చూసి, “రక్తం ఇంత నల్లగా ఉందేమిరా? ఏ గొర్రెను కోశారు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వెళ్లి విచారిస్తే, అది కోసిన గొర్రె కాదనీ, రాత్రే చచ్చిపోయిన గొర్రె అనీ తేలింది. మా పోగు గుంతలోకి పోయింది. మిగతావి అప్పటికే పొయ్యి మీదికి ఎక్కాయి. తిన్నవారికి ఏమీ కాకపోవడం మా అదృష్టం. కాని నాలుగు రోజుల తర్వాత, ఆ గొర్రె చర్మం ఒలవడానికి సాయపడిన పిల్లవాడు, నా తరగతి విద్యార్థే, బడికి రాలేదు. ఇంటికి వెళ్లి చూస్తే చేతి మీద పుండు, మధ్యలో నల్లటి పెచ్చు. నొప్పి లేదు కాబట్టి ఇంట్లోవాళ్లు తేలికగా తీసుకున్నారు. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: “చచ్చిన జీవాన్ని ఏమైనా ముట్టుకున్నాడా?” మందులు సకాలంలో పడ్డాయి. పిల్లవాడు కోలుకున్నాడు.

గొర్రె యజమానిని నేను కోపంగానే నిలదీశాను. ఆయన కన్నడంలో మెల్లగా చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “డాక్టరుకు చెబితే గుంత తీసి పూడ్చమంటాడు సారూ. గొర్రెతోపాటు నా అప్పు కూడా పూడుతుందా?” ఆయన ప్రశ్నకు కూడా ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతికితే తెలిసిన సంగతులే ఇప్పుడు చెబుతున్నాను.

ముందుగా వైద్యుడు ఎందుకు చూడాలో తెలుసుకుందాం. గొర్రెలు, మేకలు, పశువులు హఠాత్తుగా చచ్చిపోయి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే అది దొమ్మ రోగం కావచ్చు. ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారు. ఇటువంటి కళేబరాన్ని అసలు కోయకూడదు. గాలి తగలగానే ఆ క్రిములు గట్టి గుల్లలవంటి బీజాలుగా మారి, నేలలో దశాబ్దాల తరబడి బతికి ఉంటాయి. ఉడికిస్తే పోతుందిలే అనుకుంటాం. కాని చర్మం ఒలిచే చేతికి, ముక్కలు కొట్టే చేతికి ఉడకడానికి ముందే అంటుకుంటుంది కదా! విశాఖ మన్యంలో చచ్చిన పశువుల మాంసం కోసిన గిరిజనులకు ఈ పుండ్లు రావడం చాలాసార్లు జరిగింది.

అందుకే తనిఖీ రెండుసార్లు జరగాలి. జీవం నిలబడి ఉండగా ఒకసారి: నడక ఎలా ఉంది, ఊపిరి ఎలా తీస్తున్నది, ముక్కు కారుతున్నదా, పారుతున్నదా, జ్వరం ఉన్నదా అని. కోసిన తర్వాత రెండోసారి: ఊపిరితిత్తులు, కార్జం, గుండె, మూత్రపిండాలు, మెడ దగ్గరి గ్రంథులు. కాబట్టి ఈ భాగాలను వైద్యుడు చూసేదాకా విడదీసి అమ్మకూడదు. మన కాలువ కింది ఊళ్లకు ఇది మరీ ముఖ్యం. తడి మళ్లలో ఉండే నత్తల వల్ల మేసే గొర్రెలకు జలగ వ్యాధి వస్తుంది. ఆ జలగలు కార్జంలోనే ఉంటాయి. కొన్ని గొర్రెల ఊపిరితిత్తుల్లో, కార్జంలో నీటి బుడగల వంటి తిత్తులు కనిపిస్తాయి. అమ్మేవాడు వాటిని కోసి కుక్కకు విసిరేస్తాడు. కుక్క కడుపులో అవి సన్నటి పురుగులై, వాటి గుడ్లు మలంతో బయటపడతాయి. వీధిలో ఆడుకొనే పిల్లల చేతుల మీదుగా అవి మనిషి కడుపులో చేరి, కార్జంలో అవే తిత్తులు కడతాయి. అంటే, ఒక ముక్క ఎక్కడ పారేశాడన్నది కూడా తనిఖీలో భాగమే.

మరి చట్టం ఏమంటున్నది? కబేళాల గురించి కేంద్ర ప్రభుత్వం 2001లో చేసిన నిబంధనల ప్రకారం, పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించకూడదు. ఈ లెక్కలో ఎంత అర్థముందో గమనించండి. పరీక్షించేవాడు మనిషి. నిమిషానికొక జీవాన్ని ముందుకు తోస్తే ఆయన చూడడు, ముద్ర వేస్తాడు, అంతే. అయితే ఈ నిబంధనలు రోజుకు పది, అంతకు మించి జీవాలను కోసే లైసెన్సు కబేళాలకే. రెండు పొట్టేళ్లు కోసే మన వేపచెట్టు ఆ లెక్కలోకి రాదు.

అలాగని మన వేపచెట్టు చట్టానికి పూర్తిగా బయట లేదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చింది. ఆ ఏడాది చేసిన నిబంధనల్లో, రోజుకు పది గొర్రెలు, మేకలు లేదా యాభై కోళ్ల వరకు కోసే చిన్న వ్యాపారి సైతం పేరు నమోదు చేసుకోవాలనీ, అటువంటి చోటును ఏడాదికి ఒకసారైనా తనిఖీ చేయాలనీ ఉంది. ఇది కేంద్ర చట్టం. తుంగభద్ర దాటి మంత్రాలయం వైపు పోయినా, కృష్ణ దాటి తెలంగాణ వైపు పోయినా ఇదే వర్తిస్తుంది. రాష్ట్రం మారినంత మాత్రాన మారదు.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. తనిఖీ చేసేవారిని ఎవరు తనిఖీ చేస్తారు? అమెరికాలో 1906లోనే మాంసం తనిఖీకి గట్టి చట్టం వచ్చింది. కబేళాలో ప్రభుత్వ తనిఖీదారు నిలబడి ప్రతి జీవాన్నీ చూస్తాడు. అయినా 1993లో అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో, సరిగా ఉడకని గొడ్డుమాంసపు వంటకం తిని వందలమంది జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ మాంసం తనిఖీ దాటి వచ్చిందే. కంటికి కనిపించని క్రిమిని కన్ను పట్టుకోలేదు. దాంతో 1996లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఎక్కడెక్కడ ప్రమాదం పుడుతుందో ముందే కాగితం మీద రాసుకోవాలి, ప్రతిరోజూ పుస్తకంలో నమోదు చేయాలి, క్రిముల పరీక్ష జరగాలి. ఆ పుస్తకాన్ని తనిఖీదారు చూడాలి. ఆయన పనిని ఆయన పై అధికారి చూడాలి. కన్నుకు తోడు కాగితం, కాగితానికి తోడు మరో కన్ను.

మన చట్టంలోనూ ఆ మరో కన్ను ఉంది. ఆహార భద్రతా అధికారి పైన డిజిగ్నేటెడ్ ఆఫీసరు ఉంటారు. కన్నడంలో ‘అంకితాధికారి’ అంటారు. ఆ పేరు ఎక్కడైనా బోర్డు మీద కనిపిస్తే గుర్తుపెట్టుకోండి. ఆహార భద్రతా అధికారి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే విచారించడం ఆయన విధుల్లో ఒకటని చట్టం 36వ సెక్షన్ చెబుతుంది. అంతేకాదు, 40వ సెక్షన్ ప్రకారం కొన్న మనిషి కూడా రుసుము చెల్లించి ఆహారాన్ని పరీక్షకు పంపవచ్చు. ఆ సంగతి కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. పరీక్షలో తప్పు తేలితే రుసుము తిరిగి ఇస్తారు.

కోళ్ల విషయంలో మన సరిహద్దు ఊళ్లకు ఈమధ్యే ఒక పాఠం దొరికింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. కొద్దిరోజుల్లోనే మన పక్కన బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోనూ బయటపడింది. భయపడి కోడిమాంసమే మానేసినవారు కొందరు, చవకగా వస్తున్నదని చూడకుండా కొన్నవారు కొందరు. రెండూ సరికావు. 70 డిగ్రీల వేడికి బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు. ప్రమాదమంతా జబ్బు కోడిని పట్టుకోవడంలో, కోయడంలో, ఈకలు పీకడంలో ఉంది. బోనులో కోళ్లు తలలు వేలాడేసి ఉన్నా, తలమీది తురాయి నీలంగా మారినా కొనవద్దు, కోయించవద్దు. పశువైద్యశాలకు కబురు చేయండి.

ఇక ఆ గొర్రె యజమాని ప్రశ్నకు వద్దాం. “నా అప్పు కూడా పూడుతుందా?” అన్నాడు. నష్టమంతా పేదవాడి నెత్తిన పడేటట్లుంటే, ఎంత గట్టి తనిఖీ అయినా అతనికి శత్రువే అవుతుంది. అతను దాచిపెడతాడు, రాత్రికి రాత్రే పోగులు వేస్తాడు. మన కర్నాటకలో అనుగ్రహ పథకం ఉంది. గొర్రె, మేక అకస్మాత్తుగా చనిపోతే పరిహారం ఇస్తారు. మధ్యలో ఆగిపోయిన ఈ పథకం 2023లో మళ్లీ మొదలైంది. 2025-26 బడ్జెట్లో ఈ పరిహారాన్ని 5,000 నుంచి 7,500 రూపాయలకు పెంచుతున్నట్లు ప్రకటించారు. దీనికి పశువైద్యుని ధ్రువీకరణ అవసరం. ఒకసారి ఆలోచించండి. ఏ డాక్టరుకు చెబితే నష్టమని ఆయన భయపడ్డాడో, ఆ డాక్టరు సంతకమే ఆయనకు డబ్బు తెచ్చిపెడుతుంది. చచ్చిన గొర్రె మన కూరలోకి రాకుండా ఆపేదీ అదే సంతకం. ఈ సంగతి తెలిసిన తర్వాత మొదట ఆయన ఇంటికే వెళ్లి చెప్పాను. “ఇదంతా కన్నడంలోనే రాసి ఉందా సారూ? మరి నాకెవరూ చదివి చెప్పలేదే” అన్నాడు. కన్నడం ఆయన మాతృభాష. చదువు మాత్రం రాదు. మా క్యాంపువాళ్లకు భాష అడ్డం, ఆయనకు అక్షరం అడ్డం. నేను తలవంచుకున్నాను.

కాబట్టి శ్రోతలారా, వచ్చే ఆదివారం మూడు పనులు చేయండి. నమోదు పత్రం ఎక్కడుందని నవ్వుతూనే అడగండి. జీవాన్ని కోసేముందు చూసి కొనండి. సగం ధర మాంసం కనిపిస్తే సంచి మడిచి ఇంటికి రండి. గ్రామసభ జరిగినప్పుడు, ఈ ఏడాది మన ఊళ్లో మాంసం దుకాణాల తనిఖీ ఏ తేదీన జరిగిందో లేచి అడగండి. తేదీ చెప్పలేకపోతే, అదే మాట కాగితం మీద రాసి పై అధికారికి పంపండి. రాయడం రానివారు మీ ఊరి పంతులు దగ్గరికి వెళ్లండి. రాసిపెట్టడం మా పని. అడగడం మాత్రం మీ పని.

మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. ఆకు విప్పి చూసి, “ఏ గొర్రెను కోశారు?” అని ఒక్క మాట అడిగింది. మా ఇంటికి ఆ రోజు జరిగిన తనిఖీ అదొక్కటే.