ఏడుపూ నవ్వూ మెదడులో ఎక్కడ పుడతాయి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు అయిపోయాక, భోజనాలకు ముందు మైకు నాకిచ్చారు. అందువల్ల ఎక్కువసేపు తీసుకోను. నేను వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రం పాఠం చెప్పి రిటైరైన వాణ్ణి. ఆస్పత్రిలో రోగుల్ని చూసిన వాణ్ణి కాను. మన కార్యదర్శిగారు సభ్యుల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఒక మాట వినిపిస్తోందట: "మా ఆయన మునుపటి మనిషి కాదండీ." ఊరికే కోపం, ఊరికే ఏడుపు, లేదా దేనికీ చలనం లేకపోవడం. దానికి మనం పెట్టుకున్న పేర్లు చాదస్తం, మొండితనం, వయసు. ఆ పేర్లు చాలాసార్లు సరైనవి కావని చెప్పడానికే నేను నిలబడ్డాను.

మన తెలుగులో భావాలన్నీ ఒంట్లోనే ఉంటాయి. భయమేస్తే గుండె ఝల్లుమంటుంది, జాలి కలిగితే కడుపు తరుక్కుపోతుంది, కోపమొస్తే ఒళ్ళు మండుతుంది. మెదడు ఊసే లేదు. పెద్దలు గమనించింది అబద్ధం కాదు, గుండె నిజంగానే ఝల్లుమంటుంది. అయితే ఆ ఉత్తరువు వచ్చేది పైనుంచి. మెదడు అడుగున, నడిమధ్యన, నాలుగు గ్రాముల బరువుండే హైపోథలామస్ అనే భాగం ఉంది. ఆకలి, దాహం, ఒంటి వేడి చూసుకునేది అదే. అక్కడినుంచి కబురు వెళితే మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, నోరు ఎండిపోతుంది.

1928లో ఫిలిప్ బార్డ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద చేసిన ప్రయోగం ఒకటి ఉంది. వినడానికి బాధగానే ఉంటుంది. మెదడు పైపొరను తొలగించిన పిల్లి కాస్త ముట్టుకుంటే చాలు, వీపు పైకెత్తి, బుస కొట్టి, గోళ్ళు చాచేది. హైపోథలామస్ వెనుక భాగాన్ని కూడా వేరు చేస్తే ఆ కోపం మొత్తంగా రాదు, ముక్కలు ముక్కలుగా ఏదో కొంత కనిపించేది, అంతే. దీన్నిబట్టి రెండు సంగతులు తేలాయి. కోపాన్ని కూర్చిపెట్టే చోటు కింద ఉంది, దాన్ని పట్టి ఆపే చోటు పైన ఉంది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

భయం విషయానికి వస్తే, చెవుల లోపలి వైపున అటొకటి ఇటొకటి, బాదంపప్పు ఆకారంలో అమిగ్డలా అనే భాగాలున్నాయి. గ్రీకులో ఆ మాటకు అర్థం బాదంపప్పే. తాడును చూసి పామనుకుని ఎగిరి దూకుతామే, అది తాడని తెలిసేలోపే దూకించేది ఇదని చెప్పవచ్చు. అమెరికాలో ఒకావిడకు అరుదైన జన్యువ్యాధి వల్ల ఈ రెండూ పాడైపోయాయి. పరిశోధకులు ఆమెను ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. 2011లో ప్రచురించిన వివరాల ప్రకారం ఆమెను పాములమ్మే దుకాణానికి తీసుకువెళితే పామును చేతిలోకి తీసుకుని ఆసక్తిగా చూసింది. భయం లేదు. దీంతో భయం కాపురం ఉండే ఇల్లు దొరికిందనుకున్నారు. కానీ 2013లో అదే ఆవిడచేత బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కలిసిన గాలి పీల్పిస్తే, ఊపిరాడనట్టై విపరీతంగా భయపడిపోయింది! బయటి ప్రమాదానికి ఒక దారి, ఒంటి లోపలి ప్రమాదానికి ఇంకో దారి ఉన్నాయన్న మాట. అందుకే పత్రికల్లో "కోపం కేంద్రం", "ప్రేమ కేంద్రం" అని బొమ్మలు గీసి చూపిస్తే నేను నమ్మను. అనేక చోట్లు కలిసి చేసే పని ఇది.

పట్టి ఆపే భాగం మన నుదుటి వెనక ఉంటుంది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా, ఫినియాస్ గేజ్ అనే పాతికేళ్ళ మేస్త్రీ ఎడమ చెంప కిందనుంచి మీటరు పైగా పొడవు, ఆరు కిలోల బరువు ఉన్న ఇనుప కడ్డీ దూసుకుపోయి నడినెత్తిన బయటికొచ్చింది. మనిషి బతికాడు, మాట్లాడాడు. కానీ నెమ్మదైన మనిషి నోటి దురుసు మనిషయ్యాడని, ఎరిగినవారికి అతను వేరే మనిషిలా అనిపించాడని వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాశాడు. పుస్తకాలు సాధారణంగా ఇక్కడే ఆపేస్తాయి. ఆ తర్వాత అతను చిలీ దేశం వెళ్ళి కొన్నేళ్ళు గుర్రపు బండి తోలాడు. అది నలుగురితో సర్దుకుపోవలసిన ఉద్యోగమే. కాబట్టి కొంతైనా కోలుకున్నాడని ఇప్పటి పరిశోధకుల్లో కొందరి అభిప్రాయం. 1860లో పోయాడు.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. నాతో పొద్దున్నే నడకకు వచ్చే మిత్రుడొకరికి పక్షవాతం వచ్చి, కాలూ చెయ్యీ బాగానే కోలుకున్నాయి. మూడు నెలల తర్వాత పెత్తండ్రి కొడుకు ఇంట్లో భార్య పోతే పరామర్శకు వెళ్ళాడు. దండ వేసిన ఫొటో ముందు నిలబడి పకపకా నవ్వాడు. ఆపుకోలేకపోయాడు. ఇంటివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు, రాకపోకలు ఆగిపోయాయి. వాళ్ళావిడ నాతో, "అన్నయ్యగారూ, తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నారు" అంది. ఆయన అన్న మాట ఇంకా ముఖ్యం: "నవ్వు నాది కాదయ్యా, మొహం దానంతటదే నవ్వింది."

అది అక్షరాలా నిజం. నవ్వుకీ ఏడుపుకీ కావలసిన కండరాల కదలికను కూర్చిపెట్టే చోటు మెదడు కాండంలో ఉంది. నుదుటి భాగం నుంచి, చిన్న మెదడు నుంచి వచ్చే తీగలు దాన్ని అదుపులో ఉంచుతాయి. పక్షవాతంలో ఆ తీగలు దెబ్బతింటే లోపలి బాధకు బయటి నవ్వుతో సంబంధం తెగిపోతుంది. తలకు దెబ్బ తగిలినా, ఇంకొన్ని నరాల జబ్బుల్లోనూ ఇలా జరుగుతుంది. దీనికి సూడోబల్బార్ అఫెక్ట్ అని పేరు. దిగులుకు వాడే కొన్ని మందులే తక్కువ మోతాదులో ఇస్తారు, చాలామందికి ఆ నవ్వులూ ఏడుపులూ తగ్గుతాయి. మా మిత్రుడికి తగ్గాయి. ఆ పెత్తండ్రి కొడుకు ఇంటికి నేనే వెళ్ళి ఈ తీగల సంగతి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "ఈ మాట అప్పుడే ఎవరైనా చెబితే బాగుండేది గదా" అన్నాడు.

మతిమరుపు జబ్బు ఉన్నవారి విషయం వేరు. జ్ఞాపకాన్ని భద్రం చేసే హిప్పోక్యాంపస్ అమిగ్డలా పక్కనే ఉంటుంది, అల్జీమర్స్‌లో ముందే దెబ్బతినే చోట్లలో అదొకటి. 1911లో జెనీవాకు చెందిన క్లాపరేడ్ అనే వైద్యుడు, ఏదీ గుర్తుండని ఒక రోగితో కరచాలనం చేస్తూ వేళ్ళ మధ్య దాచిన సూదితో గుచ్చాడు. కాసేపటికి ఆవిడ గుచ్చిన సంగతి మరిచిపోయింది. కానీ మళ్ళీ చెయ్యి చాపితే చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది, ఎందుకో చెప్పలేకపోయింది. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వారు అల్జీమర్స్ రోగులకు విషాద చిత్రాల ముక్కలు చూపించారు. చూసినవి మరిచిపోయారు, దిగులు మాత్రం పోలేదు. "ఎలాగూ గుర్తుండదులే" అని అత్తగారినో నాన్నగారినో కసిరేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. కసిరింది పోతుంది, బాధ ఉండిపోతుంది. పండక్కి మనవడు వచ్చి వెళ్ళిన సంగతీ అంతే. వచ్చాడని గుర్తుండకపోవచ్చు, ఆ సంతోషం కాసేపు నిలుస్తుంది. అయోవా వారు సంతోషం కలిగించే చిత్రాలు కూడా చూపించారు, అక్కడా అదే కనిపించింది.

ఒక చీటీ వచ్చింది, చదువుతాను. "వయసొస్తే కోపం రావడం సహజమే కదా, దానికి కూడా డాక్టరెందుకు?" అడిగినందుకు సంతోషం. సహజం కాదండీ. స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్స్‌టెన్సన్ అనే ఆచార్యురాలు, ఆమె బృందం ఏళ్ళ తరబడి చూసి చెప్పిందేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు చిరాకులూ దిగుళ్ళూ సాధారణంగా కుర్రవాళ్ళకన్నా తక్కువే. అందుచేత స్వభావం మారితే వయసు మీదకు నెట్టకూడదు. రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడి, తిట్టడం, అరవడం మొదలుపెడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. నెలల తరబడి మెల్లగా మారితే నరాల వైద్యుడికి చూపించాలి, అది దిగులు జబ్బు కూడా కావచ్చు. వేసుకునే మాత్రలన్నీ సంచిలో పట్టుకెళ్ళండి. మార్పు మొదట ఎప్పుడు కనిపించిందో రాసుకు వెళ్ళండి. ఇంట్లో మనిషి ఒకరు తప్పకుండా వెంట ఉండాలి. నుదుటి భాగం దెబ్బతిన్న మనిషికి తాను మారిన సంగతే తెలియకపోవచ్చు, డాక్టరు అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అంటాడు.

ఇంకా మూడు చీటీలున్నాయి. వడ్డన మొదలైందని చెబుతున్నారు, వాటికి బంతిలో కూర్చుని జవాబు చెబుతాను.