ఒకే పదార్థం: ఆమ్లమా, క్షారమా?

విద్యార్థులారా! ఆమ్లాలు, క్షారాలు రెండు వేర్వేరు వర్గాలని కింది తరగతుల్లో చదువుకున్నారు. ఈ రెండింటిలోనూ చేరే పదార్థాలు కొన్ని ఉన్నాయి. వాటిని ద్విస్వభావ పదార్థాలు అంటారు. ఈ పాఠంలో వాటి గురించి తెలుసుకుందాం.

మొదట ఒక ప్రయోగం. దీన్ని మీ అధ్యాపకుల సమక్షంలోనే చేయండి. పరీక్షనాళికలో పటిక ద్రావణం తీసుకుని, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని చుక్కలుగా కలపండి. జిగురులాంటి తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. అదే అల్యూమినియం హైడ్రాక్సైడ్. దాన్ని రెండు నాళికల్లోకి పంచండి. మొదటి దానిలో సజల హైడ్రోక్లోరికామ్లం పోస్తే అవక్షేపం కరిగి అల్యూమినియం క్లోరైడ్ ఏర్పడుతుంది. అంటే అది ఇక్కడ క్షారంగా పనిచేసింది. రెండవ దానిలో మరికొంత సోడియం హైడ్రాక్సైడ్ పోయండి. ఇందులోనూ అవక్షేపం కరుగుతుంది! ఈసారి ఏర్పడినది సోడియం అల్యూమినేట్. అంటే అది ఆమ్లంగా పనిచేసింది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అయితే ఆమ్లంలో మాత్రమే కరుగుతుంది. అందుచేత అది కేవలం క్షారం.

ఒక విషయం గుర్తుంచుకోండి. ద్విస్వభావం వేరు, తటస్థత వేరు. నైట్రస్ ఆక్సైడ్ వంటి తటస్థ ఆక్సైడ్ ఆమ్లంతోనూ, క్షారంతోనూ చర్య జరపదు. ద్విస్వభావ ఆక్సైడ్ రెండింటితోనూ చర్య జరుపుతుంది.

మరి నీటి సంగతి? 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీలు చెప్పినదాని ప్రకారం ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, తీసుకునేది క్షారం. హైడ్రోజన్ క్లోరైడ్ నుంచి నీరు ప్రోటాన్‌ను తీసుకుంటుంది. అమ్మోనియాకు ప్రోటాన్‌ను ఇస్తుంది. కాబట్టి ఆమ్లం, క్షారం అన్నవి ఎదుటి పదార్థాన్ని బట్టి తెలిసే గుణాలు.

ఈ గుణం మీదే ఒక పెద్ద పరిశ్రమ నడుస్తోంది. బాక్సైట్ ఖనిజంలో అల్యూమినాతో పాటు ఐరన్ ఆక్సైడ్ కూడా ఉంటుంది. వేడి సోడియం హైడ్రాక్సైడ్‌లో అల్యూమినా కరుగుతుంది, ఐరన్ ఆక్సైడ్ కరగదు. వడపోస్తే రెండూ వేరవుతాయి. కార్ల్ జోసెఫ్ బేయర్ 1887-92 మధ్య ఈ పద్ధతిని రూపొందించాడు. మన తూర్పు కనుమల్లో, ఒడిశాలోని దామన్‌జోడిలో, నాల్కో శుద్ధి కర్మాగారం ఈ సూత్రంతోనే పనిచేస్తోంది.

వడపోతలో మిగిలేది ఎర్రమట్టి. దానిలో క్షారం ఉండిపోతుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని ఐకా వద్ద ఎర్రమట్టి నిల్వ ఉంచిన కట్ట తెగి పది మంది మరణించారు. ఖనిజాన్ని శుద్ధి చేయడం ఎంత ముఖ్యమో, మిగిలినదాన్ని భద్రపరచడమూ అంతే ముఖ్యం.

ఇక మీ వంటింట్లో చూడండి. అల్యూమినియం గిన్నెను కాపాడేది దాని మీది పలుచని ఆక్సైడ్ పొర. చింతపండు పులుసు అందులో నిల్వ ఉంటే ఆమ్లం ఆ పొరను తింటుంది. చాకలి సోడాతో తోమితే క్షారం తింటుంది. కారణం మీకిప్పుడు తెలుసు.

చివరగా ఒక ప్రశ్న. పటికకు బదులు జింక్ సల్ఫేట్ తీసుకుంటే ఏం జరుగుతుంది? ఊహించి రాయండి, తర్వాత ప్రయోగశాలలో సరిచూసుకోండి.