పంటి నొప్పా? నరం నొప్పా?



ముఖానికి స్పర్శ తెలిపే నరాన్ని ట్రైజెమినల్ నరం అంటారు. ప్రతి వైపున ఒకటి ఉండి, మూడు శాఖలుగా నుదురుకు, చెంపకు, దవడకు వెళుతుంది. దీనికి సన్నని రక్తనాళాలే ఆహారం అందిస్తాయి. అయితే మెదడు దగ్గర ఏదైనా రక్తనాళం ఈ నరం మొదలును ఒత్తితే, ముఖం కడిగినా, అన్నం నమిలినా ఒకవైపు కరెంటు షాకు కొట్టినట్లు నొప్పి వస్తుంది. క్షణాల్లో పోయి మళ్లీ వస్తుంది.

కొందరు పంటి నొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకుంటారు. నొప్పి పోదు, పీకిన పన్ను తిరిగి రాదు. కనుక ముందుగా డాక్టరుగారికి ఈ గుర్తులు చెప్పండి. కార్బమాజెపిన్ మాత్రలతో చాలామందికి తగ్గుతుంది. ఆ మాత్రలు వాడేటప్పుడు ఒంటిపై దద్దుర్లు వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. మాత్రలకు తగ్గకపోతే, ఆపరేషన్ చేసి రక్తనాళాన్ని నరానికి తగలకుండా పక్కకు జరపవచ్చు.