అమ్మ వృత్తి: రైతు



ఏటా జూన్‌లో కొత్త పిల్లలు హాస్టల్‌కు వచ్చినప్పుడు ఫారం నింపిస్తాం. తండ్రి ఏం చేస్తాడంటే ‘వ్యవసాయం’ అని ఠక్కున చెబుతారు. తల్లి గురించి అడిగితే ఎక్కువమంది ‘ఏమీ చెయ్యదు, ఇంట్లో ఉంటుంది’ అంటారు. మరి చోడిలో కలుపు తీసిందెవరు, మీకు ట్రంకు పెట్టె కొనడానికి సంతలో చింతపండు అమ్మిందెవరు అంటే తలవంచుకుని నవ్వుతారు. ఈ రోజు ఆ అమ్మ గురించే మాట్లాడతాం.

మాది పాడేరు వైపు కొండ ఊరు. మేము నలుగురం. అయ్య జ్వరంతో పోయేనాటికి చిన్నోడు ఇంకా పాలు తాగుతున్నాడు. మిగిలింది వాలులో కొంత మెట్ట, గెడ్డ పక్కన చిన్న మడి. మెట్టలో చోడి, సామ, కంది కలిపి వేసేది అమ్మ. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుందని. ఇప్పుడు అదే పద్ధతిని శిక్షణ తరగతుల్లో కొత్తగా చెబుతున్నారు, మంచిదే.

శ్రావణం, భాద్రపదం గడవడమే కష్టం. పాత గింజ అయిపోతుంది, కొత్త గింజ ఇంకా రాదు. వెదురు కొమ్ములు, అడవి దుంపలు, ఎండబెట్టి దాచిన మామిడి టెంకల అంబలి. టెంకపిండిని నీళ్లు మార్చి మార్చి కడగాలి. బూజు పట్టింది తింటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని అమ్మ ముందు తాను తాగి, చాలాసేపు చూసుకుని, తర్వాత మాకు పోసేది. అది అప్పుడు మాకు అర్థం కాలేదు. అమ్మే ముందు తాగేస్తోందని చిన్నోడు ఏడ్చేవాడు.

మన కొండల్లో నాటు పసుపు రెండేళ్లకు గాని తవ్వం. అప్పున్న ఇంటికి అంత ఓపిక ఎక్కడిది? షావుకారు వచ్చి చేలో ఉన్న పసుపుకే డబ్బిస్తానంటాడు. తీసుకుంటే ఇక ధర అతను చెప్పిందే. అయ్య పోయిన ఏడాది అమ్మ కాళ్ల కడియాలు ఇచ్చేసింది గాని పసుపు ఇవ్వలేదు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, కావడి కట్టి తానే సంతకు మోసింది. కావడి మగవాళ్ల పని అని ఊళ్లో అన్నారు. అన్నవాళ్లెవరూ మొయ్యడానికి రాలేదు.

ఆశ్రమ పాఠశాలలో తిండి, బట్ట ప్రభుత్వమే ఇచ్చేది. అయినా కలుపు రోజుల్లో ముగ్గురు పిల్లల్ని బడికి పంపడమంటే ఆరు చేతులు వదులుకోవడం. అమ్మ వదులుకుంది.

ఇంత చేసినా ఆ మెట్టకు కాగితం లేదు. విత్తనానికి వెళ్లినా, అప్పుకు వెళ్లినా ‘మీ ఆయన పేరు చెప్పు’ అనేవారు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి మనవాళ్ల సాగులో ఉన్న అటవీ భూమికి, 4 హెక్టార్లకు మించకుండా, హక్కు ఇస్తుంది. అందులో 4వ సెక్షన్ మన అబ్బాయిలు కూడా చదవాలి. పెళ్లయినవాళ్లయితే హక్కు భార్యాభర్తలిద్దరి పేరున, ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్లయితే వాళ్ల ఒక్కరి పేరున నమోదు కావాలి. అది పిల్లలకు వస్తుంది గాని ఎవరూ అమ్మడానికి వీల్లేదు. పని మొదలయ్యేది గ్రామసభలో. అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

అమ్మ గ్రామసభలో లేచి, ఏ బండరాయి నుంచి ఏ చింతచెట్టు వరకు తాను దున్నుతోందో చెప్పింది. పక్క చేలవాళ్లు అవునన్నారు. కొన్నాళ్లకు ఆమె ఒక్కరి పేరునే పత్రం వచ్చింది. కొలతలో కొంత తగ్గించారు. ఆ తగ్గింది ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంటి పత్రం బయటికి తీయండి. అమ్మ పేరుందా, ఆధార్‌లో ఉన్నట్టే రాశారా, విస్తీర్ణం ఎంత వేశారు, అన్నీ చదివి అమ్మకు వినిపించండి. తేడా ఉంటే అర్జీ రాసి గ్రామసభలో ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. రాయడం తెలియకపోతే మా హాస్టల్‌కు రండి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాం, పప్పు పొయ్యి మీద ఉన్నప్పుడు తప్ప.