పడవ మోటారు: కారిన నూనె, చేరిన నీరు

పెద్ద అంబర్‌పేటలో నది లేదు, రేవు లేదు. నగరమును చుట్టివచ్చు వెలుపలి వలయ రహదారి విజయవాడ రహదారిని కలియుచోటు అది. రాత్రింబగళ్లు లారీలు ఆగుచు సాగుచు ఉండును. టైర్లకు అతుకులు వేయువారు, పంపులు బాగుచేయువారు, ఇనుపపని చేయువారు అక్కడ ఉండుట సహజమే. కాని పడవ మోటారు అక్కడ కనబడునని ఎవరనుకొందురు? ఒకనాటి ఉదయము మేము అచ్చట ఒక రేకుల షెడ్డులో దానినే చూచినాము. మా ఇంటి నీటి పంపు బాగుచేయించుకొనుటకు పోయి, పంపు సంగతి మరచి, పొద్దు తిరుగు వరకు అక్కడనే నిలిచిపోయినాము.

కృష్ణానదిలో చేపలు పట్టి బ్రతుకు ఒకాయన ఆ మోటారును చిన్న ట్రాలీ బండిలో పరుండబెట్టి తెచ్చినాడు. బండిలో నల్లని నూనె మడుగు కట్టియున్నది. ఎంత ఖర్చు చెప్పుదురో అను దిగులు ఆయన ముఖములో స్పష్టముగా కనబడుచున్నది. వరదనీరు వచ్చు దినములలో మోటారు లేని పడవను నదిలో దింపుటకు వీలులేదు. పడవ దిగని నాడు ఇంటిలో పొయ్యి వెలుగుటయు కష్టమే.

పడవలో అమర్చక, పడవ వెనుక చెక్కకు బయటనే తగిలించు మోటారు ఇది. ఔట్‌బోర్డు మోటారు అందురు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అను నార్వే సంతతి యంత్రకారుడు 1909 ప్రాంతమున దీనిని అమ్మకమునకు తెచ్చి ప్రసిద్ధి పొందినాడు. నేడు మన కోస్తా తీరమున ఫైబరు పడవల వెనుక ఇవి సర్వసాధారణము. హైదరాబాదు వారికిని ఇది బొత్తిగా పరాయి వస్తువు కాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు బేగంపేటలో ఒక్క దినములో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైనప్పుడు, సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల కాలనీలు నీట మునిగినవి. నగర వీధులలో పడవలు తిరిగినవి. సహాయక దళములవారు రబ్బరు పడవలకు తగిలించు మోటారులు ఈ జాతివే.

దీని నిర్మాణము సులభముగా చెప్పవచ్చును. పైన టోపీ క్రింద ఇంజను. నడుమ నిలువు కాలు. అడుగున, నీటిలో మునిగియుండు గేరు పెట్టె. ఇంజను త్రిప్పు నిలువు కడ్డీ వేగమును ఈ పెట్టెలోని పండ్లచక్రములు అడ్డముగా మార్చి, వెనుకనున్న ప్రొపెల్లరు రెక్కలను త్రిప్పును. ఇంజనులో ఒక నూనె, గేరు పెట్టెలో వేరొక నూనె. ఈ రెండింటికి సంబంధము లేదు. కనుక నూనె కారినదనగానే మొదట అడుగవలసిన ప్రశ్న, ఎక్కడనుండి అని కాదు, ఏ నూనె అని.

మేస్త్రీ అదే చేసినాడు. మడుగులో వ్రేలు ముంచి, రెండు వ్రేళ్ల మధ్య నలిపి వాసన చూచినాడు. గేరు నూనె చిక్కగా, జిగటగా ఉండి గంధకపు వాసన వేయును. ఇది పలుచగా, నల్లగా, కమురు వాసనతో ఉన్నది. "ఏ పక్కకు పండబెట్టి తెచ్చినవన్నా?" అని అడిగినాడు. పడవవాడు చూపిన వైపు తప్పు వైపు. నాలుగు స్ట్రోకుల మోటారును తయారీదారు చెప్పిన ప్రక్కకే పరుండబెట్టవలెను. లేనిచో అడుగు తొట్టిలోని నూనె ఎగువకు ప్రాకి, గాలి గొట్టములగుండా బయటకు వచ్చును, సిలిండరులోనికిని దిగును. అట్టి మోటారును తెచ్చినవెంటనే త్రాడు లాగి నడుపబోయిన, నూనె నొక్కుడుపడక లోపలి కడ్డీ వంగు ప్రమాదమున్నది. మేస్త్రీ దానిని నిలువుగా నిలిపి, ప్లగ్గులు విప్పి, త్రాడును మెల్లగా నాలుగైదుసారులు లాగి, చేరిన నూనెను గుడ్డమీదికి చిమ్మించినాడు. తరుగు నింపినాడు. ఇంతే. మడుగు కట్టిన నూనెకు కావలసిన వైద్యము అంతటితో సరి.

పడవవాడు ఊపిరి పీల్చుకొని డబ్బు తీయబోయినాడు. మేస్త్రీ గేరు పెట్టె అడుగు స్క్రూమీద చేయివేసినాడు.

"అక్కడ కారలేదు గదయ్యా, ఎందుకు విప్పుట?"

"కారిందాన్ని చూసినం గదన్నా, కారందాన్ని గూడ చూద్దాం."

స్క్రూ వదులు చేయగా వచ్చినది నూనె కాదు. చిక్కని టీ వంటి ద్రవము. మేము దానిని చూచి కల్తీ నూనె అనుకొన్నాము. మేస్త్రీ తల అడ్డముగా ఊపినాడు. నూనెలో నీరు చేరి గేర్లచేత చిలుకబడినప్పుడే ఈ రంగు వచ్చును. మోటారు తిరుగునప్పుడు పెట్టె వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించును. ఆపినప్పుడు చల్లని నీటిలో అది కుంచించుకొని, ఎక్కడ సన్నని సందు దొరకిన అక్కడనుండి నీటిని పీల్చుకొనును. నూనె బొట్టు బయట కనబడకుండనే పెట్టె నీటితో నిండవచ్చును. ఆ నీరు బేరింగులకు త్రుప్పు పట్టించును, చక్రముల పండ్లను ఊడగొట్టును. ఆపైన ఇంజను ఎంత గర్జించినను రెక్కలు తిరుగవు. వరదలోనున్న కృష్ణలో అట్టి పడవ ప్రవాహము చెప్పినచోటికి పోవును గాని, పడవవాడు చెప్పినచోటికి పోదు.

స్క్రూ కొననున్న అయస్కాంతమునకు మెత్తని బూడిదరంగు ముద్ద అంటియున్నది. అది అరుగుదల, భయము లేదు. ఇనుప పలుకులు అంటియున్నచో చక్రములు పాడైనట్లే. ఇక్కడ పలుకులు లేవు. పడవవాని అదృష్టమనియే చెప్పవలెను.

సందు ఎక్కడనో ఊహించి విప్పుట మంచి పద్ధతి కాదు. పెట్టెను పూర్తిగా వంచి, ఆ రంధ్రమునకు ముల్లుగల చేతిపంపు బిగించి, చదరపు అంగుళమునకు సుమారు పది పౌనుల గాలి ఎక్కించినాడు. మితిమీరిన వత్తిడి మంచి సీళ్లను సైతము చెరచును. తరువాత అతుకులన్నిటిమీద సబ్బునీరు పూసినాడు. స్క్రూలవద్ద లేదు, గేరు మార్చు కడ్డీవద్ద లేదు. ప్రొపెల్లరు కడ్డీ చుట్టు మాత్రము సన్నని బుడగలు, దోసె పెనముమీదవలె, ఒకటొకటిగా లేచినవి.

రెక్కలు విప్పి తీయగా కారణము కంటబడినది. నైలాను వల దారము కడ్డీకి చుట్టుకొని, ఒరపిడి వేడికి కరగి, గట్టి ఉంగరమువలె బిగిసియున్నది. అదే రబ్బరు సీలు పెదవిని కోసినది. ఎప్పుడు చుట్టుకొన్నదో పడవవానికి జ్ఞాపకము లేదు. వలలమధ్య తిరుగువాడు అప్పుడప్పుడు రెక్కలు తీసి వెనుక చూచుకొన్నచో ఈ ఖర్చు తప్పెడిది; కాని ఆ మాట చెప్పుటకు మాకు నోరు రాలేదు. రెక్కల వెనుక ఏమున్నదో మాకు మాత్రము ఆనాటివరకు తెలియునా?

అక్కడ సీళ్లు రెండు, వీపులు కలిపి కూర్చున్నవి. ఒకటి నూనెను లోపల ఆపును. రెండవది నీటిని బయట ఆపును. క్రొత్తవి తిరుగవేసి కొట్టినచో, క్రొత్తవియైనను పనిచేయవు. మేస్త్రీ కడ్డీమీద గోరు జార్చి చూచినాడు. పాత సీలు అరగదీసిన సన్నని గాడి గోటికి తగిలినది. క్రొత్త సీలు పెదవి ఆ గాడిలోనే కూర్చున్నచో మరల కారును. కనుక దానిని వెంట్రుకవాసి లోపలికి జరిపి, పెదవికి గ్రీజు రాసి, సరిపోవు గొట్టపు ముక్కతో నలుదిక్కుల సమముగా తట్టి కూర్చుండబెట్టినాడు. స్క్రూల వాషర్లు చౌకవి; వానినిగూడ మార్చినాడు.

మరల గాలి ఎక్కించినాడు. చీకటి పడకముందే రేవు చేరవలెనని పడవవాడు తొందరపడుచున్నను, మేస్త్రీ బీడీ వెలిగించుకొని పది నిమిషములు ముల్లునే చూచుచు కూర్చున్నాడు. ముల్లు కదలలేదు.

నూనె పోయుటలోను ఒక వరుస ఉన్నది. పై స్క్రూ తీసి, అడుగు రంధ్రమునుండి నూనెను పైకి ఎక్కించవలెను. అప్పుడు గాలి పైనుండి పోవును, లోపల బుడగ మిగులదు. పైనుండి నూనె పొంగినవెంటనే ముందు పై స్క్రూ బిగించి, తరువాత అడుగుది బిగించవలెను. పాత నూనెను మేస్త్రీ డబ్బాలో పోసి మూత పెట్టినాడు. షెడ్డు ముందరి కాలువలో పోయలేదు. కొన్ని గంటలు నడిపినపిదప ఆ నూనెను మరల వంచి రంగు చూడుమని, మూలల మిగిలిన తడి దానితో పోవునని పడవవానికి చెప్పినాడు.

ఈసారి మోటారును బండిలో నిలువుగా, పడవకు తగిలించినట్లే ఒక అడ్డచెక్కకు బిగించి, చుట్టు గోనెసంచులు కుక్కి కట్టినారు. బండి విజయవాడ దిక్కుకు మరలినది. అప్పుడుగాని మా పంపు సంగతి మేస్త్రీకి గుర్తురాలేదు, రేపు రమ్మన్నాడు.